నూట పద్దెనిమిదో పేజీ

ఎనభై ఏళ్ళొచ్చినా నెరీనా కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి రోములో గార్బతెల్లా పేటలో ఆ లోగిలి చుట్టూ కాపురముండే అందరికీ తెలుసు. ఒకప్పుడు సినిమా ఆర్కెస్ట్రాల్లో డబుల్ బేస్ వాయించిన పై అంతస్తు గాస్పరెకి మరీ బాగా తెలుసు. అయినా ఆయన ఆ ఏప్రిల్ పొద్దున పేపరు చంకలో పెట్టుకుని, మోకాళ్ళని తిట్టుకుంటూ మెట్లు దిగి వచ్చి ఆవిడ తలుపు దబదబా బాదాడు.

“బాదింది చాల్లే! అది తలుపు, నీ డబుల్ బేస్ కాదు,” అంటూ నెరీనా తలుపు తీసింది. చేతిలో సగం వలిచిన పెద్ద చిక్కుడుకాయ ఉంది.

“ముందు కూర్చో. కూర్చున్నాకే చెబుతా.”

“ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదే తల్లీ. మన ఈడువాళ్ళు ఇంకెవరు మిగిలారు పోవడానికి? పోయినవాడే తిరిగొచ్చాడు. ఇదిగో చూడు.”

పేపర్లో పావు పేజీ వార్త. ‘ఫిదేనె దహనం’ సినిమా సంగీతం మొత్తం దొరికిందట. ఎప్పుడో మూతబడ్డ ఒక ఫిల్ము లాబొరేటరీ నేలమాళిగలో, చెమ్మ తగిలి బూజు పట్టిన పెట్టెల్లో, యాభై ఏళ్ళ తరవాత. లవీనియా అనే అమ్మాయి మూడేళ్ళు కూర్చుని దాన్ని పేజీ పేజీ బాగుచేసిందట. మే నెల మొదటి ఆదివారం సాయంత్రం ఆరింటికి పెద్ద ఆడిటోరియంలో తొంభై మంది ఆర్కెస్ట్రా దాన్ని మొదలు నుంచి చివరిదాకా వాయిస్తుందట, సినిమాలోంచి కోసేసిన ముక్కలతో సహా. కింద లావుపాటి అక్షరాలతో, సంగీతం: మాయెస్త్రో లాన్‌ఫ్రెదీ.

నెరీనా ఆ పేరు దగ్గర ఆగింది. చేతిలో చిక్కుడుకాయని గిన్నెలోకి విసిరింది. అది గిన్నెలో పడలేదు.

“చచ్చి కూడా వదలడు మహానుభావుడు,” అంది.

రోములో యాభై దాటినవాళ్ళని ఎవర్నైనా రోడ్డు మీద ఆపి అడగండి, ‘ఆడవాళ్ళ నడక’ ఈల వేసి వినిపిస్తారు. సినిమా కథ మాత్రం సగం మందికి గుర్తుండదు. రోమన్ సైన్యం పక్కనున్న ఫిదేనె ఊరిని తగలబెడుతుంది. కాలిపోతున్న ఊళ్ళోంచి ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని టైబర్ నది ఒడ్డున నడిచిపోతారు. మాటలుండవు. నాలుగు నిమిషాల నడక, అంతే. ఆ నాలుగు నిమిషాల సంగీతం జనానికి అతుక్కుపోయింది. పెళ్ళిళ్ళలో వాయించారు, చావుల్లో వాయించారు, ఆఖరికి టమాటా సాసు ప్రకటనకి కూడా దాన్ని వదల్లేదు.

అది రాసింది లాన్‌ఫ్రెదీ కాదు. నెరీనా మొగుడు తూల్లియో.

ఆ ఏడు మాయెస్త్రో చేతిలో ఒకేసారి మూడు సినిమాలున్నాయి. గుర్రాలు పరిగెత్తడానికీ బాకాలు మోగడానికీ ఆయన నిలబడి కాఫీ తాగుతూ రాసిపారేసేవాడు. నిమ్మళంగా సాగాల్సిన చోటికి వచ్చేసరికి ఓపిక ఉండేది కాదు. అలాంటివి సహాయకుడు తూల్లియో నెత్తిన పడేవి. అయితే ఈ సినిమా నిర్మాత లోగడ ఒకసారి మోసపోయినవాడు. ప్రతి పేజీ మాయెస్త్రో స్వహస్తాలతో ఉండాలని ఒప్పందంలో రాయించుకున్నాడు.

“దానికేం? నీ పెళ్ళాం చెయ్యి బంగారం కదయ్యా! నా రాత నాకంటే బాగా రాస్తుంది,” అన్నాడట మాయెస్త్రో, తూల్లియో భుజం తట్టి. “ఈ ఒక్కసారికి కానిచ్చేయండి. వచ్చే సినిమా నీ పేరు మీదే.”

నెరీనా పని నకలు రాయడం. మొత్తం ఆర్కెస్ట్రాకి రాసిన పెద్ద ప్రతి లోంచి వేణువుది వేణువుకి, వయొలాది వయొలాకి విడదీసి, ఐదు గీతల మీద గళ్ళు గళ్ళుగా రాసి, ఎవరి కాగితం వాళ్ళకి అందించాలి. పదిహేనో ఏట నకళ్ళ గదిలో చేరినప్పుడు పెద్ద రాతగాడు అమెదేయో మొదటి రోజే చెప్పాడు: “నువ్వు కళ్ళూ చెయ్యీ మాత్రమే పిల్లా. చెవులు ఇంటి దగ్గర పెట్టి రా. పాట వినడం మొదలెట్టావంటే తరవాత ఏం రావాలో నువ్వే ఊహించేసుకుంటావు, చెయ్యి అది రాసేస్తుంది.” నెరీనా నేర్చుకుంది. కాగితం మీది చుక్కల్ని చుక్కలుగానే చూసేది. ఏ వాద్యం గీత పట్టుకుంటే దాన్ని చివరిదాకా లాగేది, మళ్ళీ కింది గీత. ఇరవై ఏళ్ళకే ఎవరి చేతిరాతయినా దించేసేది. మాయెస్త్రో ప్రతి వరస మొదట వేసే స్థాయి గుర్తు మెలిక గాలంలా ఉండేది, చుక్కల తోకలు ఎడమకి వాలేవి. అవన్నీ ఆమెకి వెన్నతో పెట్టిన విద్య.

‘నడక’ ఇరవై పేజీలూ మాయెస్త్రో రాతలో అవసరం కొద్దీ రాశానని నెరీనా తరవాత తనకి తాను చాలాసార్లు చెప్పుకుంది. అది సగం నిజమే. మిగతా సగం గొప్ప. నా అంత చెయ్యి రోములో ఇంకెవరికుందో చూద్దాం అనే పొగరు. ఆ పొగరుకి ఆవిడ తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఇంకొకటి కూడా ఉంది. ఆ ముందటి చలికాలమే ఏడు నెలల పిల్ల, క్లేలియా, జ్వరంతో పోయింది. తూల్లియో పిల్లని భుజాన వేసుకుని ఏదో కూనిరాగం తీస్తూ వంటింట్లో తిరుగుతుండేవాడు. పిల్ల పోయాక కూడా ఒక పూట మరిచిపోయి తీశాడు. నెరీనా చెవులు మూసుకుని అరిచింది: “ఇంట్లో పాట వద్దు! ఇంకోసారి వినిపించిందంటే నేనిక్కడ ఉండను!” ఆయన మళ్ళీ తీయలేదు. పనిని మాత్రం ఆమె వద్దనలేదు. చెవులతో పనిలేని ఆ పని ఆ రోజుల్లో దేవుడిచ్చినట్టే ఉండేది.

నాలుగు పొద్దులు పట్టింది. వంటింటి బల్ల మీద ఎడమ పక్క తూల్లియో పెన్సిలు కాగితాలు, కుడి పక్క మంచి కాగితం. చివరి పేజీ ఆరబెడుతుంటే తూల్లియో వచ్చి పక్కన నిలబడ్డాడు.

“నూట పద్దెనిమిదో పేజీ చూశావా?” అన్నాడు.

“చూశాను. ఒక్క తప్పు లేదు. కావాలంటే సరిచూసుకో.”

తూల్లియో కాసేపు ఆమె మొహం వంక చూశాడు. “నీ పనిలో తప్పెందుకుంటుందిలే,” అని తన పెన్సిలు కాగితాలన్నీ దొంతి పెట్టి తనే పొయ్యిలో పెట్టాడు. అవి ఉండకూడదని మాయెస్త్రో షరతు. కష్టపడి రాసుకున్నవి కాలిపోతున్నాయని బాధపడుతున్నాడు కాబోలు అనుకుంది నెరీనా.

వచ్చే సినిమా రానే లేదు. మాయెస్త్రోకి వేరే సహాయకులు దొరికారు. తూల్లియో తోర్ పిన్యత్తారా అనే పేటలో ఒక బళ్ళో పిల్లలకి సరిగమలు చెబుతూ పద్దెనిమిదేళ్ళు గడిపి, ఒక మధ్యాహ్నం నల్లబల్ల ముందే కుప్పకూలి పోయాడు. పేటలో బ్యాండు వాళ్ళు శవం ముందు ‘ఆడవాళ్ళ నడక’ వాయించారు. ఎవరిదో తెలియక, అందరి చావులకీ వాయించేదే కదా అని వాయించారు. మాయెస్త్రో పూలదండ పంపాడు. నెరీనా దాన్ని చర్చి బయట చెత్తడబ్బాలో పడేసింది.

“ఆ పిల్ల ఎక్కడుంటుంది? ఆ లవీనియా?” అంది నెరీనా ఇప్పుడు, పేపరు మడుస్తూ.

“ఎందుకు?”

“ఎందుకేమిటి? ఈసారన్నా తూల్లియో పేరు వేయించాలి. నాకెంతకాలముంది? నేను పోతే ఈ ముక్క తెలిసినవాడివి నువ్వొక్కడివే మిగులుతావు. నువ్వేమో నోరు విప్పితే కోతలు. పద, నువ్వూ రావాలి. ఆ రికార్డింగులో ఉన్నవాడివి, సాక్ష్యం చెబుదువుగాని.”

గాస్పరె ఆవిడ వంక చూడకుండా వంగి, కిందపడ్డ చిక్కుడుకాయని తీసి గిన్నెలో వేశాడు.

*

లవీనియాకి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. గుండ్రటి కళ్ళద్దాలు, జుట్టులో గుచ్చుకుని మరిచిపోయిన పెన్సిలు. నకలు రాసిన మనిషి ఇంకా బతికే ఉందని తెలిసి ఎదురొచ్చి రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుంది. పాత ప్రతులు దాచే గదిలోకి పెన్నులు తేకూడదని ఇద్దరి జేబులూ చూసి, గాస్పరె పెన్ను తీసి బయట పెట్టించింది.

“ఇదిగో సిన్యోరా, ‘నడక’. నూట పన్నెండు నుంచి నూట ముప్ఫై ఒకటి దాకా. మిగతావన్నీ నీళ్ళకి పాడైపోయాయి, ఈ ఇరవై మాత్రం చెక్కు చెదరలేదు. మూడేళ్ళ నుంచి రోజూ వీటి వంకే చూస్తున్నా, మీరు నమ్మరు.”

నెరీనా కంట్లో శుక్లాలున్నాయి. భూతద్దం పెట్టుకుని వరసల మొదట్లో మెలికలు చూసింది. గాలం, గాలం, గాలం. వాలిన తోకలు. సిరా ఇంకా నల్లగా నిగనిగలాడుతోంది. ఎంత బాగా రాశాను అని ఒక్క క్షణం పొంగిపోయింది, సిగ్గులేకుండా.

“ఈ ఇరవై పేజీల మీద పాత పుకారొకటి ఉంది,” అంటోంది లవీనియా. “ఎవరో సహాయకుడు రాశాడని. ఇవి దొరికాక ఆ పుకారు చచ్చిపోయింది. చేతిరాత నిపుణులిద్దరు వేరువేరుగా చూశారు. నూటికి నూరుపాళ్ళూ మాయెస్త్రో చెయ్యే.”

“అది నా చెయ్యి,” అంది నెరీనా.

లవీనియా నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగింది. నెరీనా అంతా చెప్పింది. పొయ్యిలో కాగితాలతో సహా. చెబుతున్నకొద్దీ లవీనియా మొహంలో జాలి కనిపించింది, అది నెరీనాకి చెంపదెబ్బలా తగిలింది.

“నిజమేనమ్మా. నేను సాక్షిని,” అన్నాడు గాస్పరె.

“గాస్పరె గారూ, మీరు టీవీలో చెప్పింది వేరు కదా? మాయెస్త్రో ఆ దృశ్యం తెర మీద చూసి వలవలా ఏడ్చి, లేవకుండా కూర్చుని మొత్తం రాశారని. కళ్ళారా చూశానన్నారు. నేను దాన్ని నా పుస్తకంలో కూడా వేశాను.”

నెరీనా మెల్లగా తల తిప్పింది. గాస్పరె తన బూట్ల వంక చూసుకున్నాడు.

“టీవీ వాళ్ళు లైట్లూ గీట్లూ పట్టుకుని మూడంతస్తులు ఎక్కొచ్చారు నెరీనా. ఏదో ఒకటి చెప్పకపోతే బావుండదని...”

“నీ నోరు పడిపోను!”

“తిట్టు. ఇంకా తిట్టు. పడతాను.”

“రాసి చూపిస్తా,” అంది నెరీనా లవీనియాతో. “కాగితం ఇవ్వు. ఆయన మెలిక వేస్తాను, మీ నిపుణుల్ని పిలిచి చూపించుకో.”

లవీనియా జుట్టులోంచి పెన్సిలు తీసిచ్చింది. నెరీనా మణికట్టు బల్ల మీద ఆనించింది. ఎనిమిదేళ్ళుగా చేతికి వణుకు. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటుంది. ఆ సంగతి ఈ కోపంలో మరిచేపోయింది. మెలిక సగంలో పెన్సిలు పక్కకి జారింది. మళ్ళీ మొదలెట్టింది. ఇంకోటి. కాగితం నిండా కోడి గీకినట్టు గీతలు. ఐదోది వేస్తుంటే లవీనియా ఆవిడ చేతి మీద చెయ్యి వేసింది. నెరీనాకి ఏడుపొచ్చింది. ఈ చేత్తోనే, ఇదే చేత్తోనే తన మొగుణ్ణి పాతిపెట్టింది. ఇప్పుడు తవ్వి తీద్దామంటే ఆ చెయ్యి పనికి రావడంలేదు.

లవీనియా మంచి పిల్లే. లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చింది.

“సిన్యోరా, నాకూ నిజమే కావాలి. కార్యక్రమం పుస్తకం గురువారం అచ్చుకి పోతుంది. నిపుణుల మాట కాదని పేరు మార్చాలంటే గట్టిది ఏదైనా ఒకటి చూపించాలి నేను.” అట్ట మూసేసి దాని మీద అరచెయ్యి పెట్టింది. “నూట పద్దెనిమిదో పేజీలో నాలుగు గళ్ళున్నాయి. రికార్డింగు రోజున ఎవరో నీలం పెన్సిలుతో కొట్టేశారు, దృశ్యం కుదించారు కాబట్టి. ఆ నాలుగు గళ్ళూ ఎవరూ ఎప్పుడూ వాయించలేదు. ఆర్కెస్ట్రా సాధన ఇంకా మొదలుకాలేదు. ఆ గళ్ళలో అందరూ ఆగిపోతారు, మంద్రంలో ఊదే బేస్ క్లారినెట్ ఒక్కటే ఒక పాట తీస్తుంది. అది మీ వంటింట్లో పుట్టి ఉంటే మీ ఆయన నోట మీరు వినే ఉంటారు. పాడండి. తప్పుగా పాడినా సరే, నేను పోల్చుకుంటాను.”

నెరీనా కళ్ళు మూసుకుంది. పేజీ కనపడింది. నిన్న రాసినట్టే కనపడింది.

“మొదటి గడిలో నల్లచుక్కలు మూడు పైకి ఎక్కుతాయి, ఒకటి దిగుతుంది. మీద పిల్లి వీపులాంటి వంపు గీత. రెండో గడీ అంతే. మూడో గడిలో తెల్లచుక్క, పక్కన చిన్న నూనె మరక. ఆ పూట వంకాయలు వేయించాను.”

“నూనె మరక ఉంది,” అంది లవీనియా నెమ్మదిగా. “కానీ పాట?”

“తెలీదు.”

“మీరే రాశారంటున్నారు కదా?”

“రాశాను. వినలేదు. మేం వినం తల్లీ! వింటే చెయ్యి తప్పుతుంది.”

“విడి ప్రతులు కూడా మీరే రాశారు. ఈ పేజీ మీ బల్ల మీదికి ఎలాగూ వచ్చే ఉంటుంది. చుక్కలు, మరక... నకలు రాసినవాళ్ళకి అవి గుర్తుండటం సహజమేనంటారు మావాళ్ళు.” లవీనియా నిజంగానే నొచ్చుకుంటోంది. “ఒక్క ముక్క పాడండి సిన్యోరా. ఒక్క గడి.”

నెరీనా నోరు తెరిచింది. ఏమీ రాలేదు. గుర్తున్నది చుక్కలే. మోగేది ఒక్కటీ లేదు.

తిరుగు బస్సులో గాస్పరె పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, శిక్ష వేసుకున్నట్టు నిలబడే వచ్చాడు. “గురువారం దాకా టైముంది. గుర్తుకు తెచ్చుకో,” అన్నాడు. గురువారం వచ్చింది, పోయింది. ఇంట్లో ఆవిడ బల్ల దగ్గర కూర్చుని, లేచి, కూర్చుని, ఆ చుక్కల్నే తలుచుకుంటూ మూడు రోజులు తిండి సరిగా తినలేదు. ఏదీ మోగలేదు.

*

ఆదివారం రానంటే రానంది. గాస్పరె పెళ్ళికి కుట్టించుకున్న నల్లకోటు వేసుకుని గుమ్మంలో తిష్ఠ వేశాడు.

“నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను. ఇక్కడే కూర్చుని నా కబుర్లన్నీ మళ్ళీ మొదట్నుంచీ చెబుతా.”

“వస్తాను మహాప్రభో, నోరు మూసుకో.”

లవీనియా వాళ్ళకి మంచి కుర్చీలే ఇప్పించింది, పక్కది తనకి ఉంచుకుంది. చేతికి పుస్తకం ఇచ్చింది. ‘ఆడవాళ్ళ నడక’, మాయెస్త్రో లాన్‌ఫ్రెదీ. ఆఖరి పేజీలో కృతజ్ఞతల కింద సన్నటి అక్షరాలతో: నకలు ప్రతులు, నెరీనా మెంగోని.

“నీ పేరుందే!” అన్నాడు గాస్పరె, సంతోషిస్తుందనుకుని.

నెరీనా పుస్తకం మూసి కింద పెట్టేసింది. ఆయన పేరు అడిగితే నా పేరు వేశారు. అదీ ఆ దొంగ చేతికి బహుమానంలాగా. అప్పుడే లేచి పోవాలనిపించింది. లైట్లు తగ్గాయి.

మొదట గుర్రాలొచ్చాయి. ఒప్పుకోవాలి, గుర్రాలు మాత్రం మాయెస్త్రో బాగా రాశాడు. పాత సినిమా హాళ్ళలో ఆ బాకాలు రేకు డబ్బా మోగినట్టు వినబడేవి. ఇక్కడ నేల అదిరింది, కుర్చీ చేతులు అదిరాయి. ఊరు అంటుకున్నప్పుడు వయొలిన్లన్నీ ఒక్కసారి కీచుమంటూ పైకి లేచాయి. వెనక వరసలో ఎవరో “ఓయమ్మో” అన్నారు. నెరీనాకి ఇష్టం లేకపోయినా ఒళ్ళు గగుర్పొడిచింది.

తరవాత అంతా సద్దుమణిగింది. ‘నడక’ మొదలైంది.

ఇన్నేళ్ళూ ఆవిడ విన్నది ఈలల్లో, బ్యాండుల్లో, టమాటా సాసులో. పూర్తి ఆర్కెస్ట్రాతో, కోత లేకుండా, ఆయన ఎలా అనుకున్నాడో అలా వినడం ఇదే మొదటిసారి. కింద డబుల్ బేస్‌లు అడుగు తరవాత అడుగు వేస్తున్నాయి. బరువుతో నడిచే ఆడవాళ్ళ అడుగులు, తడబడుతూ, ఆగకుండా. గాస్పరె ఎడమచేతి వేళ్ళు మోకాలి మీద తీగలు నొక్కుతున్నాయి. అడుగుల మీద వయొలాలు, వాటి మీద అందరికీ తెలిసిన ఆ పాట, దాని వెనక ఎప్పుడూ ఎవరికీ వినపడని సన్నటి హార్ప్ చప్పుడు, నీళ్ళలా. తూల్లియో ఇంత రాశాడా! ఇంత పెద్దమనిషా నా ఇంట్లో ఉన్నది! బళ్ళో సుద్దముక్క పట్టుకుని అరిగిపోయిన మనిషి. నెరీనా కళ్ళు తుడుచుకోలేదు.

ఉన్నట్టుండి అందరూ ఆగారు. డబుల్ బేస్‌లు కూడా ఆగాయి.

బేస్ క్లారినెట్ ఒక్కటే, నోరు మూసుకుని మగవాడు గొంతులోనే తీసే కూనిరాగంలా, కింది నుంచి మూడు మెట్లు ఎక్కి ఒక మెట్టు దిగింది. మళ్ళీ ఎక్కింది.

నెరీనా పెదాలు కదిలాయి. ఆవిడకి తెలియదు కదిలాయని. క్లారినెట్ రెండో గడి దాటకముందే ఆవిడ గొంతు మూడో గడిలోకి వెళ్ళింది, అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, పిల్ల వీపు తట్టే చోట చిన్నగా విరిచి, నాలుగో గడిలోకి దిగింది. తరవాత క్లారినెట్ వచ్చి, సరిగ్గా అక్కడే ఆగి, అక్కడే విరిచి, అలాగే దిగింది. పక్కన లవీనియా ఊపిరి బిగబట్టి ఆవిడ వైపే చూస్తోంది.

అది క్లేలియా పాట. జోలపాట కూడా కాదు, మాటల్లేని రాగం. మంట్లోంచి పిల్లల్ని ఎత్తుకుని వెళ్ళే తల్లుల చేతుల్లో తూల్లియో తన పిల్లని కూడా పెట్టాడు. ఇంట్లో పాట వద్దని ఆమె అంటే, ఆమె ముందు పెట్టగలిగిన చోటు ఆయనకి అదొక్కటే దొరికింది. ఆమె చేత్తోనే రాయించాడు. ఆమె రాసింది. చుక్క మీద చుక్క, మరక ఒక్కటి తప్ప ఏ మచ్చా లేకుండా.

డబుల్ బేస్‌లు మళ్ళీ నడక అందుకున్నాయి. మిగతాది నెరీనా వినలేదు.

హాలు ఖాళీ అవుతుంటే లవీనియా ఆవిడ కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

“మీరు ముందే పాడారు. క్లారినెట్ కంటే ముందు. నేను విన్నాను. ఎలా తెలుసు?”

“మా పాప పాట. ఆయన ఎత్తుకుని పాడేవాడు.”

“మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు సిన్యోరా? అంతగా అడిగాను కదా!”

“ఆ రోజు నాకు తెలీదు తల్లీ.”

లవీనియా లేచింది. వేదిక మీదికి వెళ్ళి పెద్ద ప్రతి తెచ్చింది. నూట పద్దెనిమిదో పేజీ తీసి, పైన ఖాళీలో పెన్సిలుతో రాసింది: తూల్లియో మెంగోని.

“వచ్చే అచ్చులో ‘నడక’ కింద ఈ పేరే ఉంటుంది. నిపుణులతో నేను పోట్లాడతాను. నా పుస్తకం కూడా దిద్దుకుంటాను. మాటిస్తున్నాను.”

“పెన్సిలుతోనా?” అంది నెరీనా, అలవాటు కొద్దీ. గొంతులో కోపం లేదు.

“మా జేబుల్లో పెన్నులుండవు సిన్యోరా.”

నెరీనా తల ఊపింది. వేలితో ఆ పేరుని ఒక్కసారి తాకింది. ఇన్నాళ్ళూ కావాలనుకున్నది ఇదే. ఇది చాలు అనుకోబోయింది, కాని అనుకోలేకపోయింది.

బయట ఇంకా వెలుతురుంది. మెట్ల మీద జనం సిగరెట్లు కాలుస్తూ ‘నడక’ ఈల వేస్తున్నారు. గాస్పరె ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దింపుతున్నాడు, ఉబ్బితబ్బిబ్బయిపోతున్నాడు.

“నెగ్గావే నెరీనా! మొత్తానికి నెగ్గావు! ఆ లాన్‌ఫ్రెదీ గోతిలో పొర్లుతుంటాడు ఈపాటికి. ఏమిటలా ఉన్నావు? ఇంత మొండిదానివి, ఇప్పుడు ఏడుస్తావేం?”

నెరీనా మెట్ల మధ్యలో ఆగిపోయింది.

“నన్ను అడిగాడయ్యా.”

“ఎవరు?”

“తూల్లియో. రాయడం అయిపోయిన రోజున నా పక్కన నిలబడి అడిగాడు. నూట పద్దెనిమిదో పేజీ చూశావా అని. ఆ తరవాత పద్దెనిమిదేళ్ళు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.”

గాస్పరెకి నవ్వు ఆగిపోయింది. “నువ్వేమన్నావు?” అన్నాడు మెల్లగా.

“ఒక్క తప్పు లేదన్నాను.”